మూడు కడుపుల నిబంధన

వంశ నిర్ధారణ కేంద్రం గుమ్మం దాటిన ప్రతి ఉదయమూ డాక్టర్ హైమవతికి వెనక్కి తిరిగి పోదామనిపించేది. ఫినాయిల్ కంపు, చెమట కంపు, ముందురోజు సాయంత్రమే వచ్చి వరండాలో పడుకున్న జనం విప్పిన చద్దిమూటల పులుపు వాసన, ఇవన్నీ ఒక ఎత్తు. రెండో నంబరు కౌంటర్ దగ్గర గుమాస్తా కామేశు మైకు పట్టుకుని చదివే ఫలితాలు ఒక్కటీ ఒక ఎత్తు. ‘ఫలితమును దరఖాస్తుదారు ఎదుట పైకి, స్పష్టముగా చదవవలెను’ అని నిబంధనల్లో ఉంది. ఏ మహానుభావుడు రాశాడో గాని, వాడి నోట్లో పురుగులు పడ!

ఆ సోమవారం మొదటి ఫలితం ఒక రిటైర్డు హెడ్మాస్టరుది. డెబ్భై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. కామేశు గొంతు సవరించుకుని చదివాడు.

"మీకు ముందు మీ తల్లిగారి గర్భాలు ఆరు. మీరు రాసినవి నాలుగు. మొదటి గర్భానికి తండ్రి వేరు. వంశం మూడు తరాలూ సరిపోయింది. ఆమోదం."

హాలులో రెండు వందల మంది ఉన్నారు. వెనక బెంచీలో ఎవడో కిసుక్కున నవ్వాడు. దాంతో ఇంకో పదిమంది నవ్వారు. హెడ్మాస్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. పౌరసత్వం వచ్చిన కాగితాన్ని కౌంటర్ మీదే వదిలేసి తల వంచుకుని వెళ్ళిపోయాడు. ఎప్పుడో చచ్చి స్వర్గాన ఉన్న తల్లిని నడివీధిలో నిలబెట్టి పంపించారు కదా, ఇంక ఆ కాగితం ఏం చేసుకుంటాడు!

ఆ యంత్రాన్ని కనిపెట్టింది హైమవతే. దాని పేరు పేగుముద్ర. బిడ్డ కడుపులో ఉండగా తల్లి కణాలు కొన్ని బిడ్డలోకి చేరతాయి, బిడ్డవి కొన్ని తల్లిలోకి వస్తాయి. కాన్పయ్యాక కూడా అవి చావవు. ఒకళ్ళ ఒంట్లో ఒకళ్ళు కాపురం పెట్టేసి ఏళ్ళ తరబడి బతుకుతాయి. అమ్మమ్మ కణాలూ, ముందు పుట్టిన అన్నల అక్కల కణాలూ కూడా అలాగే తల్లి ఒంట్లోంచి బిడ్డకి వస్తాయి. పన్నెండేళ్ళ కిందట గుండె జబ్బుల వార్డులో పనిచేస్తూ, కాన్పులో దెబ్బతిన్న తల్లి గుండెని బిడ్డ కణాలు వచ్చి బాగుచేస్తున్నాయని ఆమె చూసింది. చచ్చిపోయిన బిడ్డ కణాలు కూడా చేస్తున్నాయని చూసింది. ఆ రోజు ఆనందం పట్టలేక వార్డులో నర్సులందరికీ పకోడీలు తెప్పించింది. చెంచాడు నెత్తురు తీసుకుని, అందులో కాపురముంటున్న పరాయి కణాలు ఎవరెవరివో విడదీసి చెప్పే యంత్రాన్ని ఆరేళ్ళు కష్టపడి తయారు చేసింది.

సర్కారు వారు శాలువా కప్పారు. ఆ తర్వాత రెండేళ్ళకి కొత్త చట్టం వచ్చింది. ప్రతివాడూ పౌరసత్వానికి మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవాలి. తల్లి, అమ్మమ్మ, ముత్తమ్మమ్మ, ఈ ముగ్గురూ ఈ నేల మీద పుట్టినవాళ్ళేనని వాడి నెత్తురే సాక్ష్యం చెప్పాలి. కాగితం మీద దాని పేరు త్రిమాతృ నిబంధన. జనం మాత్రం మూడు కడుపుల నిబంధన అన్నారు. ఈ నేల మీది వంశాలన్నిటినీ పేర్లతో సహా ఒక పట్టికలోకి ఎక్కించారు, అందులో లేని వంశం విదేశీ కింద లెక్క. నలభై రెండు కేంద్రాలు తెరిచి, ఉత్తర కోస్తా కేంద్రానికి హైమవతినే ముఖ్య నిర్ధారకురాలిగా వేశారు. తన యంత్రం తన చేతిలో ఉంటే అన్యాయం జరగదులే అనుకుని ఆమె ఒప్పుకుంది. ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు తన మీద తనకే రోత.

హెడ్మాస్టరు వెళ్ళాక కౌంటర్ ముందుకి ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. ముసలమ్మకి ఎనభై ఆరేళ్ళు, చూపు సరిగా ఆనదు. ఆమె చెయ్యి పట్టుకుని నడిపిస్తున్న కూతురికి అరవై మూడు. ఊరు పెసరవలస. కూతురు బళ్ళో మధ్యాహ్నం వంట చేస్తుంది.

"పేరు?" అన్నాడు కామేశు.

"బోడసింగి తవిటమ్మండి."

"తల్లి పేరు?"

ముసలమ్మ ముందుకు వంగింది. "నానే బాబూ. అప్పాయమ్మ."

కామేశు కూడా ఆ పక్కవాడే. యాభై దాటినా పరాచికాలు మానలేదు. నవ్వుతూ అడిగాడు. "తవిటమ్మంటే ఏటే మామ్మా, తవుడుకి కొన్న గుంటా?"

ముసలమ్మ ముఖం వెలిగిపోయింది. అడగడమే భాగ్యం అన్నట్టు మొదలెట్టింది. "మరే బాబూ! దీని ముందల ముగ్గురు పోనారు. ఒక్కులూ నెల తిరగనేదు. నాలుగోది ఇది. పుట్టిన్నాడే సేటలో ఎట్టి పెంటమీద పడుకోబెట్టీసినాం. పక్కింటి కోరాడ నరసమ్మొచ్చి, ఈ గుంట నాది అనెత్తుకోని, మా సేటలో సేరెడు తవుడు పోసింది. అమ్మీసినాను. సావుకి తెల్దు కదా, ఎవుల పిల్లో అనుకోని ఎల్లిపోనాది. సూడు, గుండ్రాయిలాగుంది!"

హాలులో పెద్దవాళ్ళు కొందరు తలలూపారు. వాళ్ళ ఇళ్ళల్లోనూ తవిటమ్మలూ పెంటయ్యలూ ఉన్నారు. కాని కౌంటర్ దగ్గర ఆడిన ప్రతి మాటా దానంతటది ఫైలులోకి ఎక్కుతుంది. కామేశు ముందున్న తెర మీద అక్షరాలు వచ్చాయి: ‘శిశువును విక్రయించినట్లు తల్లి అంగీకారము.’ కామేశు నవ్వు ఆగిపోయింది. దాన్ని చెరపడానికి మీటలు నొక్కాడు. ఒకసారి ఎక్కింది చెరగదు.

హైమవతి ఇదంతా అద్దం గదిలోంచి చూసింది గాని పెద్దగా పట్టించుకోలేదు. నెత్తురు అబద్ధం చెప్పదు కదా అనుకుంది. మధ్యాహ్నం రెండింటికి ఫలితం వచ్చింది. కామేశు దాన్ని చూసి, తల తిప్పి అద్దం గది వైపు ఒకసారి చూసి, గొణుగుతూ చదివాడు.

"తల్లి, కోరాడ నరసమ్మ వంశం. దరఖాస్తులో రాసిన పేరుతో సరిపోలేదు. మోసపూరిత దరఖాస్తు. తిరస్కరణ."

"ఏటంతన్నాడే?" అంది అప్పాయమ్మ.

అప్పటికే ఇద్దరు గార్డులు వచ్చి తవిటమ్మ రెండు చేతులూ పట్టుకున్నారు. మోసం కేసులన్నీ కేంద్రం వెనక ఉన్న రేకుల షెడ్డులో ఉంటాయి. శుక్రవారం పొద్దున్న బస్సు వస్తుంది. అక్కణ్ణించి శిబిరానికి. శిబిరం నించి తిరిగొచ్చినవాళ్ళు ఇంతవరకు లేరు. ముసలమ్మకి ఎనభై దాటాయి గనక పరీక్ష అక్కర్లేదు, ఇంటికి వెళ్ళిపోవచ్చన్నారు. ఆమె వెళ్ళలేదు. షెడ్డు తలుపు పక్కన చతికిలబడి, "నాకు గంజి పోసీది అదేనర్రా! దాన్నట్టుకుపోతే నాను బతకాలా సావాలా?" అని అందరినీ అడగడం మొదలెట్టింది.

సాయంత్రం జనం పల్చబడ్డాక హైమవతి షెడ్డు దగ్గరికి వెళ్ళి ముసలమ్మ చేతిలోంచి చెంచాడు నెత్తురు తీసింది. రూలు ప్రకారం తియ్యకూడదు. దరఖాస్తుదారు నెత్తురు తప్ప ఇంకెవరిదీ యంత్రంలో పెట్టకూడదు. రూళ్ళు ఏట్లో కలవనీ అనుకుని పెట్టింది. గంటలో తెర మీద నలుగురు బిడ్డలు కనిపించారు. నాలుగో బిడ్డ నూటికి నూరుపాళ్ళూ తవిటమ్మే.

అంటే తల్లి నెత్తురు ఈ కూతురు నాదే అంటోంది. కూతురి నెత్తురు నా తల్లి వేరే అంటోంది. రెండూ ఒకే యంత్రం చెప్పిన మాటలు. హైమవతి షెడ్డు దగ్గరికి మళ్ళీ వెళ్ళి ముసలమ్మ పక్కన నేల మీద కూర్చుంది.

"అమ్మా, మీ ఒంట్లో మీ బిడ్డల కణాలు ఉన్నాయి. నలుగురివీ."

"కణాలంటే ఏటమ్మా?"

"చిన్న చిన్న ముక్కలనుకోండి. కంటికి కనపడనంత. బతికే ఉన్నాయి."

ముసలమ్మ ఆమె వైపు జరిగింది. "పోనోలు కూడానా?"

"వాళ్ళవి కూడా."

"ఏ సోట?" అప్పాయమ్మ చెయ్యి పొట్ట మీదికి, గుండెల మీదికి, మెడ మీదికి తడుముకుంటూ వెళ్ళింది. "ఏ సోట ఉన్నారమ్మా?"

"నెత్తురులో, గుండెలో... అంతటా ఉంటారు."

"ఇన్నేళ్ళూ నాకాడే ఉన్నారా! ఎవులూ సెప్పనేదేటి!" అని ఆమె ఏడవడానికీ నవ్వడానికీ మధ్య ఆగిపోయింది. హైమవతి ఈ యంత్రాన్ని తయారు చేసింది ఈ ఒక్క మాట ఇలాంటి తల్లికి చెప్పడానికి. పన్నెండేళ్ళకి మొదటిసారి చెప్పగలిగింది, అదీ రేకుల షెడ్డు ముందు.

తేరుకుని అడిగింది. "తవిటమ్మకి పాలెవరు పట్టారమ్మా?"

"నరసమ్మే. రెండేళ్ళు. కొన్నామే పట్టాల. నాను పడితే సావు గుర్తుపట్టీదా మరి? నా పాలు గోడకి పిండీసీదాన్ని." అప్పాయమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఏం, మీ యంత్రానికి పాలు పడవా?"

సరిగ్గా అదే జరిగింది. చనుబాలలోనూ కణాలుంటాయి. పసిపిల్ల పొట్టలోంచి అవి నెత్తురులోకి వెళ్ళి అక్కడే ఉండిపోతాయి. నెత్తురులో ఎవరి కణాలు ఎక్కువుంటే ఆమే తల్లి అని యంత్రానికి నేర్పింది హైమవతే. మొదట పరీక్షించిన రెండు వేల మందీ నగరం ఆస్పత్రిలో పుట్టినవాళ్ళు. కన్నతల్లి పాలో, డబ్బా పాలో తాగి పెరిగినవాళ్ళు. ఇరుగింటి తల్లి రొమ్ము కుడిచిన బిడ్డ ఒక్కడూ లేడు. ఉడుపుల రోజుల్లో తల్లులందరూ వరినాట్లకి పోతే, ఇంటి దగ్గరున్న బాలింత ఒక్కత్తే నాలుగిళ్ళ పిల్లలకీ పాలిచ్చే ఊళ్ళు ఉంటాయని ఆమెకి తట్టనే లేదు. ఇంత చదువూ చదివి ఏం లాభం! ఈ కేంద్రం నించే పదకొండు వేల మంది బస్సెక్కారు. వాళ్ళలో ఎంతమంది ఎవరెవరి పాలు తాగారో!

మంగళవారం పొద్దున్నే ప్రాంతీయ అధికారి చక్రధర్ గదికి వెళ్ళింది. ఆయన టేబుల్ మీద ఫైలు పరిచి, దాని మీద ఉడకబెట్టిన వేరుశెనగకాయలు పోసుకుని తింటున్నాడు. పొట్టు ఎవరి దరఖాస్తు మీదో కుప్ప పడుతోంది. ఆమె చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు. అదే ఆయనలో మరీ అసహ్యమైన సంగతి, అందరి మాటా ఓపిగ్గా వింటాడు.

"అయితే పాల వల్లంటారు."

"అవునండి. ఈ తల్లీకూతుళ్ళ రక్తం పాత పద్ధతిలో పక్కపక్కన పెట్టి చూసినా తేలిపోతుంది. గంట పని."

"ఆ పద్ధతి చట్టంలో లేదు కదండీ."

"అయితే చట్టం మార్చండి. ముందు యంత్రాలు ఆపండి. బస్సెక్కినవాళ్ళని వెనక్కి పిలవండి."

చక్రధర్ ఒక కాయ ఒలిచి, గింజలు చేతిలో వేసుకుని ఊదాడు. "పదకొండు వేల మందిని ఎక్కడని వెతుకుతామండీ? అందులో ఉన్నవాళ్ళెందరో, పోయినవాళ్ళెందరో. ఇప్పుడు యంత్రం తప్పు అంటే ఆ పోయినవాళ్ళ సంగతి ఎవరు చెప్పాలి? మీరా, నేనా? మీ బాధ ఈ ముసలమ్మ గురించే కదా. దానికో మార్గముంది. ఆ పిల్ల నాది కాదు, నరసమ్మకి పుట్టింది అని వేలిముద్ర వేయించండి. దరఖాస్తు సరిదిద్దుదాం. నరసమ్మ ఇక్కడిదేగా, వంశమూ పట్టికలో ఉంది. యంత్రం చెప్పిందీ, దరఖాస్తు చెప్పిందీ ఒకటైపోతాయి. ఆమోదం! ఆవిడ ఎలాగూ అమ్మేశానని ఒప్పుకుంది కూడాను."

ఒప్పుకోవాల్సిన మాట కాదని హైమవతికి తెలుసు. అయినా శుక్రవారం బస్సు కళ్ళ ముందు కదిలింది. కాగితం తీసుకుంది. బుధవారం పొద్దున్న కామేశుని వెంటబెట్టుకుని షెడ్డు దగ్గరికి వెళ్ళింది. కామేశు ముఖంలో కత్తివేటుకి నెత్తురు చుక్క లేదు. సోమవారం తను ఆడిన పరాచికమే ఇంత పని చేసిందని రెండు రాత్రులుగా కుమిలిపోతున్నాడు. కాగితంలో ఏముందో అతనే చదివి, విడమరిచి చెప్పాడు.

అప్పాయమ్మ మొత్తం విని, "మల్లీ అమ్మీమంతారా?" అంది.

లోపల్నించి తవిటమ్మ రేకుల సందులోంచి చెయ్యి బయటపెట్టి తల్లి భుజం పట్టుకుంది. "ఏలిముద్రేసీయే అమ్మా. ఉత్త కాయితమే కదా. ఇంటికెల్లిపోదుం."

"నువ్వూరుకో." అప్పాయమ్మ తల కామేశు వైపు తిప్పింది. "బాబూ, అరవై మూడేళ్ళ కిందట ఇది నాది కాదని ఊరందరికీ సెప్పినాను. రెండేళ్ళు దీన్ని అమ్మా అని పిలవనీయనేదు. పాలు సేపుకొచ్చీసి రైకలు తడిసిపోతున్నా ఇయ్యనేదు. ఎందుకు? సావుకి దడిసి. సావంటే దేముడు పంపించినాది, దానికి దడిసినా సిగ్గునేదు. ఈల్లెవులు? ఈల్లకీ దడవాలా? సచ్చినా ఎయ్యను. ఇది నా పిల్ల. నా కడుపున పుట్టినాది. రాసుకో."

"అమ్మా, బస్సెక్కించీస్తారే..." తవిటమ్మ తల్లి భుజం పట్టి కుదిపింది.

"ఎక్కించీనీ. నానూ ఎక్కుతాను."

తవిటమ్మ రేకుకి తల ఆన్చి ఏడ్చింది. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, "మాయమ్మ సెప్పిందే రాసుకోండి బాబూ" అంది కామేశుతో. హైమవతి కాగితం మడత పెట్టింది. ఆ కాగితం పట్టుకొచ్చినందుకు ఆమెకి తన చేతుల్నే కడిగేసుకోవాలనిపించింది. తిన్నగా గదిలోకి వెళ్ళి సబ్బుతో రెండుసార్లు కడుక్కుంది. ఆ పాడు భావం పోలేదు.

ఇంక మిగిలిన దారి ఒక్కటే. యంత్రం తప్పు ఎవరూ కాదనలేనట్టు చూపించాలి. పాల సంగతి తెలిసిన మనుషులు కొందరు, కన్నతల్లి పాలే తాగినవాళ్ళు కొందరు, వీళ్ళనీ వాళ్ళనీ పక్కపక్కన పెట్టి చూపించాలి. కేంద్రం ఉద్యోగులకి పరీక్ష నించి మినహాయింపు ఉంది. అందరికంటే ముందు వరసలో నిలబడి ఆ మినహాయింపు పుచ్చుకున్నవాళ్ళలో హైమవతి కూడా ఉంది. ఆ మధ్యాహ్నం కామేశు ముందుకొచ్చి చెయ్యి చాపాడు. పిన్ని పాలు తాగి పెరిగానని అతనికి తెలుసు. అతని వెనక మరో ఆరుగురు ఉద్యోగులు వచ్చారు. సరైన ఫలితం ఎలా ఉంటుందో చూపడానికి హైమవతి తన నెత్తురే పెట్టింది. ఆమె తల్లి వరాలమ్మ ఇంట్లోనే ఉంది, ఒక్కతే కూతురు, ఏ గొడవా లేదు.

కామేశు తల్లి స్థానంలో యంత్రం అతని పిన్నిని చూపించింది. అనుకున్నట్టే. హైమవతి ఫలితం ఆఖరున వచ్చింది. ‘తల్లి: పట్టికలో లేని వంశము. విదేశీయురాలు.’

యంత్రం కడిగి మళ్ళీ పెట్టింది. మళ్ళీ అదే.

ఇంటికి వెళ్ళేసరికి వరాలమ్మ పెరటి మెట్ల మీద గోంగూర గిల్లుతోంది. హైమవతి చెప్పులైనా విప్పకుండా ఎదురుగా నిలబడింది.

"అమ్మా, నేను పుట్టినప్పుడు నాకు పాలెవరిచ్చారు?"

వరాలమ్మ చేతిలో కాడ అలాగే ఆగిపోయింది. "ఇప్పుడెందుకే ఆ గొడవ?"

"చెప్పు."

"నువ్వు పుట్టాక నాకు జ్వరం తగిలింది. ఇరవై రెండు రోజులు ఒంటి మీద తెలివి లేదు. పెద్దాసుపత్రిలో పక్క మంచం మీద ఇటుకబట్టీలో పనిచేసే ఆమె ఒకత్తి ఉండేదిట. ఎక్కడెక్కణ్ణించో పనికి వచ్చిన జట్టు. మన భాష రాదు. ఆమె బిడ్డ పుట్టిన రోజే పోయింది. నువ్వు గుక్కపట్టి ఏడుస్తుంటే లేచి వచ్చి, ఎవరినీ అడక్కుండానే ఎత్తుకుని పాలిచ్చిందిట. నాకు తెలివొచ్చేదాకా ఆమే ఇచ్చింది. ఆ తర్వాత నాకు పాలు పడలేదు, డబ్బా పాలే."

"ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"మీ నాన్నమ్మ ఒట్టేయించుకుంది. ఏ జాతో, ఏ మతమో, ఇంటి పిల్ల ఎవరి పాలో తాగిందని తెలిస్తే పెళ్ళి కాదంది." వరాలమ్మ తల ఎత్తలేదు. "నన్ను ఇంటికి తీసుకొచ్చేసిన రోజు ఆమె ఆస్పత్రి గుమ్మం దాకా వచ్చింది. మీ నాన్నమ్మ నిన్ను కొంగుతో కప్పేసింది, ఆమె చూపు తగలకుండా."

"ఆమె పేరు?"

"అడగలేదే."

"ఒక్కళ్ళు కూడానా?"

"ఒక్కళ్ళు కూడా అడగలేదు. ఛీ, ఏం మనుషులమో" అంది వరాలమ్మ, గోంగూర పక్కకి నెట్టేసి. ఆ మాట తన నోటి నించి కూడా అదే క్షణంలో రాబోయి ఆగిందని హైమవతికి తెలిసింది. సర్కారుని తిట్టుకుంటూ ఇన్నాళ్ళు గడిపింది. ఇంట్లోనే చిన్న సైజు కౌంటర్ ఒకటి నడిచిందని ఇప్పుడు తెలిసింది.

గురువారం పొద్దున్న ఫలితాలన్నీ పట్టుకుని చక్రధర్ గదికి వెళ్ళింది. యంత్రం చేసిన మనిషినే యంత్రం విదేశీయురాలంటోంది. కన్నతల్లి బతికే ఉంది, ఆస్పత్రి కాగితాలున్నాయి, ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? ఇంక ఈయన ఎటూ తప్పించుకోలేడనుకుంది. చక్రధర్ ఆమె ఫలితాన్ని మాత్రం తీసి రెండుసార్లు చదువుకున్నాడు. వేరుశెనగ పొట్టు అంటిన వేళ్ళని రుమాలుతో శుభ్రంగా తుడుచుకున్నాడు.

"ఇది అధికారిక పరీక్షేనా అండీ?"

"నా చేత్తో నేను చేసింది. సంతకం కూడా పెట్టాను."

"మంచి పని చేశారు." ఆయన గొంతులో నిజంగానే సంతోషం ఉంది. "మీరు పౌరులు కాదన్నమాట. మరి ఇన్నాళ్ళూ ఏ అర్హతతో సంతకాలు పెట్టారండీ?"

హైమవతికి మొదట అర్థం కాలేదు. "యంత్రం తప్పని కదా నేను చెప్తున్నది!"

"యంత్రం తప్పో ఒప్పో తేల్చాల్సింది పౌరులు కదండీ. మీరు ఆమోదించిన దరఖాస్తులు నలభై ఒక్క వేలు. అవన్నీ రద్దు. మళ్ళీ విచారణకి."

నలభై ఒక్క వేలు! ఆ హెడ్మాస్టరు మళ్ళీ రావాలి. మళ్ళీ మైకు ముందు నిలబడాలి. హైమవతి కుర్చీ అంచు పట్టుకుంది. "అయితే తిరస్కరించినవి కూడా రద్దే. ఆ పదకొండు వేల మందినీ వెనక్కి..."

"తిరస్కరణ మీద మీ సంతకం ఎప్పుడుందండీ? దాని మీద యంత్రం ముద్ర చాలు." ఆయన ఓపిగ్గా నవ్వాడు. "నిబంధనలు చదవలేదా? మీరు ఉన్న కమిటీయే కదా రాసింది."

ఆమె కోపంతో టేబుల్ మీదున్న పొట్టు కుప్పని ఒక్క ఊపున ఆయన మీదికి చిమ్మేసింది. అంతకంటే ఏం చెయ్యగలదు! ఆయన చొక్కా దులుపుకుని గంట కొట్టి గార్డుల్ని పిలిచాడు.

శుక్రవారం పొద్దున్న ఎనిమిదింటికి ఆమెని రెండో నంబరు కౌంటర్ ముందు నిలబెట్టారు. పారిపోకుండా పక్కన ఇద్దరు గార్డులు. హాలు నిండా జనం. చాలామంది ఆమెని గుర్తుపట్టారు. బయట బస్సు ఇంజను నడుస్తూనే ఉంది. గాజు తలుపుల్లోంచి చూస్తే తవిటమ్మ తల్లిని వెనక నించి ఎత్తి మెట్టెక్కిస్తోంది. ముసలమ్మని ఎక్కనిచ్చేది లేదని గార్డు అంటున్నాడు. ఆమె వాడి చేతి మీద ఒక్కటి చరిచి ఎక్కేసింది.

కామేశు మైకు పక్కకి తిప్పేసి, వినీ వినపడనట్టు అన్నాడు. "మేడమ్, మోసం కేసు కాకుండా చూస్తాను. విదేశీయురాలని మీరే ఒప్పుకుంటే జరిమానాతో వదిలి, ఏడాది గడువిస్తారట. పెద్ద లాయర్ని పెట్టుకోవచ్చు. తల్లి పేరు దగ్గర మీరు చెప్పిన ఆ ఇటుకబట్టీ ఆమె పేరు రాస్తే చాలు, యంత్రం చెప్పినదానికి సరిపోతుంది. ఆమె పేరేంటి?"

"తెలీదు."

"ఏదో ఒక పేరు చెప్పండి మేడమ్. నేను రాసేస్తాను."

ఏదో ఒక పేరు. ఇరవై రెండు రోజులు పాలిచ్చిన మనిషికి ఏదో ఒక పేరు పెట్టేసి, కన్న మనిషిని కాదనేసి, ఏడాది గడువు పుచ్చుకుని ఇంటికి పోవడం. హైమవతి ఫారం తన వైపు తిప్పుకుంది. తల్లి పేరు అన్నచోట వరాలమ్మ అని రాసింది. దాని పక్కన ఇంకో మనిషికి చోటుంటుందేమోనని చూసింది. గడి ఒక్కటే ఉంది. అందుకని గడి బయట, అంచు మీద, ‘పాలిచ్చినామె, పేరు మేము అడగలేదు’ అని రాసి, సంతకం చేసి ఇచ్చేసింది.

కామేశు కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. "ఇలా రాస్తే మోసం కింద కొట్టేస్తుంది మేడమ్. యంత్రం ఒప్పుకోదు."

"తెలుసు కామేశూ. దాన్ని కన్నది నేనే."

మైకు తనే సరిగా తిప్పి అతని ముందు పెట్టింది. "పైకి చదువు. స్పష్టంగా చదవాలి."